పెద్దవాడి వంతు

"నేను వెళ్లను," అన్నాడు పెద్దకొడుకు, తండ్రి చేతికిచ్చిన సంచిని నేలకేసి కొట్టి.

సంచిలోంచి రొట్టెలు దొర్లి కిందపడ్డాయి. తండ్రి వాటికేసి కన్నెత్తి కూడా చూడలేదు.

"వెళ్లవా? గుడ్లు పెట్టే బంగారు పిట్ట చచ్చి వారమైంది. కొండమీదికి పోయి కొత్తది తేకపోతే ఈ ఇంట్లో పొయ్యి వెలగదు. మా తాత తెచ్చాడు, మా నాన్న తెచ్చాడు, నేను తెచ్చాను."

"మీరంతా ఆఖరివాళ్లు కాబట్టి తెచ్చారు. మీకన్నా ముందు పుట్టినవాళ్లు ఏమయ్యారో అది చెప్పు."

చెప్పక్కర్లేదు. ఇద్దరు పెద్దనాన్నలూ ఇంటిపట్టునే ఉన్నారు. ఒకాయన గుమ్మం ముందు మెట్టు. ఇంకొకాయన పెరట్లో బట్టలుతికే బండ. కొండ ఎక్కుతుంటే వెనకనుంచి ఎవరో పిలుస్తారు. తిరిగి చూశారా, రాయే. ముందు పుట్టినవాళ్లంతా అలా రాళ్లయితేగాని ఆఖరివాడికి కొండ దారివ్వదు. ఊరికే వదిలెయ్యడమెందుకని తండ్రి అన్నలిద్దర్నీ బండికెక్కించి ఇంటికి తెచ్చుకున్నాడు.

"మా అన్నలు ఒక్క మాట ఎదురు చెప్పార్రా?"

"ఇప్పుడెలాగూ చెప్పలేరుగా!"

చెంప ఛెళ్లుమంది.

"నాకు బతకాలనుంది నాన్నా," అన్నాడు పెద్దవాడు, చెంప పట్టుకుని. "గడియారాల కొట్లో పని నేర్చుకున్నాను. ఇంటిల్లిపాదికీ నేను తిండి పెడతాను. ఆ పిట్టతో మనకేం పని?"

"గడియారాలకి కీలిచ్చుకునేవాడు నన్ను పోషిస్తాట్ట! విన్నారా?"

రెండోవాడు గోడకానుకుని గోళ్లు కొరుకుతున్నాడు. అన్న తర్వాత వంతు తనదే. ఆఖరివాడు మాత్రం కిందపడ్డ రొట్టె ఒకటి దులుపుకుని తినేస్తున్నాడు. పుట్టినప్పటినుంచీ వాడికి ఫలానా పని చెయ్యరా అన్నవాళ్లు లేరు.

"రూలు రూలే అన్నయ్యా. గెలుపు ఆఖరివాడిది. దానికి నేనేం చెయ్యను?"

"నిన్ను భుజాలమీద మోసి పెంచాన్రా!"

"రాయయ్యాక కూడా మోద్దువుగానిలే. పొద్దున్నే వచ్చి నీమీద కూర్చుంటా."

తండ్రి పగలబడి నవ్వాడు. తమ్ముడి మాటకన్నా ఆ నవ్వే పెద్దవాడికి ఎక్కువ తగిలింది.

"ఒరేయ్, ఆఖరిసారి చెబుతున్నా," అన్నాడు తండ్రి. "ఆఖరివాడికి ముందు పుట్టిన ప్రతివాడూ రాయి కావలసిందే. నా కన్నకొడుకైనా సరే, ఎంత గారాల బిడ్డయినా సరే. మా తాత మీద ఒట్టు!"

"అదీ మాట!" అన్నాడు ఆఖరివాడు నోటినిండా రొట్టెతో.

పెరట్లో బట్టలు బాదే చప్పుడు ఆగింది. తల్లి తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ లోపలికొచ్చింది. ఇరవై ఏళ్లుగా "ఏమనుకోకండి బావగారూ" అని గొణుక్కుంటూ ఆ బండమీదే బట్టలుతుకుతున్న మనిషి. ఇన్నేళ్లలో ఏ సంగతిలోనూ నువ్వేమంటావని ఆమెని అడిగినవాళ్లు లేరు.

"ఒట్టు పెట్టేశారా?" అంది మొగుడితో.

"పెట్టేశాను."

"మళ్లీ మాట మార్చరుగా?"

"చచ్చినా మార్చను."

ఆమె కింద పడున్న సంచి తీసి పెద్దవాడి చేతిలో పెట్టింది. తల్లి కూడా అటే అయిపోయిందని వాడికి ఏడుపొచ్చేసింది. ఆమె మేకుకున్న ఇంకో రెండు సంచులు దించి, ఒకటి రెండోవాడికిచ్చింది. రెండోది ఆఖరివాడి ఒళ్లో పడేసింది.

"నాకెందుకమ్మా ఇప్పుడే?" అన్నాడు వాడు చిరాగ్గా. "వాళ్లిద్దరూ రాళ్లయ్యాక కదా నా వంతు!"

"ఆ వరసలో నువ్వూ ఉన్నావురా నాయనా," అంది తల్లి. "నాకిప్పుడు మూడో నెల."