నీళ్ళ కబురు

“రెండో కాపీ ఏది?”

వసుమతి అలా అడిగేసరికి జిరాక్స్ అంకుల్ చెయ్యి మెషీన్ మీదే ఆగిపోయింది.

ఆమె ఇచ్చింది నలభై పేజీలు. తియ్యమన్నది ఒక్క కాపీ. మీటరేమో ఎనభై చూపిస్తోంది.

“పోస్టులో వేశానమ్మా,” అన్నాడాయన.

అది 1981 సెప్టెంబరు. అమెరికాలో ఫీనిక్స్ దగ్గర ఓ యూనివర్సిటీ, లైబ్రరీ కింద కాపీ గది. ఆ పెద్దాయన ఆరేళ్ళుగా అక్కడ పనిచేస్తున్నాడు. తెలుగువాడే. క్యాంపస్‌లో తెలుగు స్టూడెంట్లందరికీ ఆయన జిరాక్స్ అంకులే. అసలు పేరేమిటో ఎవరూ అడగలేదు, వసుమతితో సహా.

ఆమె రిసెర్చ్ వలాతా మీద. ఆరువందల ఏళ్ళ కిందట సహారా అంచున ఉప్పూ బంగారమూ చేతులు మారిన ఊరు అది. మూడేళ్ళు అరబిక్‌తో కుస్తీ పట్టి ఆమె రాసిన మూడో చాప్టరంతా ఒకే ఒక్క పనివాడి గురించి.

ఉప్పు మోసే ఒంటెల బిడారు ఎడారిలో ఉండగానే ఒక మనిషిని ఒంటరిగా ముందు పంపేవారు. అతను వలాతా చేరి ఉత్తరాలు అందిస్తే, ఊరివాళ్ళు నాలుగు రోజుల దారి నీళ్ళు మోసుకుంటూ ఎదురొచ్చేవారు. అతను దారిలో పడిపోతే ఊరికి కబురుండదు, బిడారుకి నీళ్ళుండవు.

అంకుల్ కాపీ తీసే ప్రతి కాగితమూ చదివేవాడు. ఆ ముందెళ్ళిన మనిషి పేరేమిటమ్మా అని ఓసారి అడిగాడు. ఎవరూ రాసిపెట్టలేదని వసుమతి చెప్పింది.

“అయ్యో, నీళ్ళు రప్పించినవాడి పేరు రాయకపోవడమేమిటమ్మా,” అని తెగ బాధపడ్డాడు.

మరోసారి, రాసినవన్నీ ఒకరి దగ్గరే ఉంచొద్దన్నాడు. మా మాస్టారి దగ్గరుంటే బ్యాంకు లాకర్లో ఉన్నట్టేనని ఆమె నవ్వేసింది.

ఆ మాస్టారు, రామమోహన్ గారు, ఇప్పుడు ఆమె వెనకే నిలబడి ఉన్నారు. ఆమె గైడు ఆయనే. ప్రతి ఆదివారం ఆమె భోజనం వాళ్ళింట్లోనే. ఆయన భార్య శశికళ ఆంటీ గోంగూర పప్పు కొసరి కొసరి వడ్డించేది. ఈ దేశంలో నాకు అమ్మా నాన్నా మీరేనని వసుమతి ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

“మా అమ్మాయి కష్టాన్ని ఎవరికి అమ్ముకుంటున్నావయ్యా?” అన్నారు రామమోహన్ గారు.

అంకుల్ ఆయన ముఖంలోకి ఒక్కసారి చూసి, వసుమతి వైపు తిరిగాడు. రెండు నిమిషాలు మీతో విడిగా మాట్లాడాలమ్మా అన్నాడు.

వసుమతికి ఒళ్ళు మండిపోయింది. మనవాడు కదా అని నమ్మితే ఇంత పని చేస్తాడా!

“మీతో నాకింక మాటల్లేవు,” అంది.

అక్కడికక్కడే కంప్లైంట్ రాసిచ్చింది. సాయంత్రానికి ఆయన ఉద్యోగం పోయింది.

రెండేళ్ళ తర్వాత రామమోహన్ గారి పుస్తకం అచ్చయింది. అందులో మూడో చాప్టర్ వసుమతిది. అక్షరం పొల్లు పోలేదు. ఆమె చేసిన ఒక చిన్న తప్పు కూడా అలాగే ఉంది.

ఆ నెలలోనే ఆమె థీసిస్ కమిటీకి వెళ్ళింది. గైడు పుస్తకంలోంచి కాపీ కొట్టావంటూ, రెండు వారాల్లో సంజాయిషీ ఇవ్వమన్నారు. ఇవ్వలేకపోతే డిగ్రీ లేదు, స్టూడెంట్ వీసా లేదు.

పరుగెత్తుకుంటూ మాస్టారింటికి వెళ్ళింది. కారు ఇంటి ముందే ఉంది. లోపల్నుంచి గోంగూర వాసన వస్తోంది. ఆయన ఊళ్ళో లేరని శశికళ ఆంటీ సగం తలుపులోంచే చెప్పింది.

చివరికి ఆయన ఫోన్లో దొరికారు.

“నువ్వే రాశావని సాక్ష్యం ఏముందమ్మా?” అన్నారు, ఎప్పటిలాగే మెత్తగా.

ఆమె రాసినవన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి. వసుమతి ఫోన్ పట్టుకునే ఏడ్చింది. ఆ ఇంట తిన్న ప్రతి ముద్దా తలుచుకుని అసహ్యపడింది. నాన్న అనుకున్న మనిషి నిలువునా ముంచాడు.

గడువు రేపటితో ముగుస్తుందనగా నర్సు యూనిఫాంలో ఒకామె తలుపు తట్టింది.

“నా పేరు లూసీ అండీ. మా నాన్నగారు కాపీ గదిలో పనిచేసేవారు. మొన్న మార్చిలో పోయారు. మాస్టారి పుస్తకం బయటికొస్తే ఇది మీకు ఇమ్మన్నారు. నిన్ననే లైబ్రరీలో చూశాను.”

పుస్తకం సంగతి ఆయనకెలా తెలుసని వసుమతి అడిగింది. అప్పట్లో మాస్టారు ప్రెస్సుకి పంపే కాగితాల కాపీలు తీసింది ఆయనేనట. అందులో వసుమతి చాప్టర్ కనబడిందట.

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“మీరు మాట్లాడనన్నారటగా అండీ,” అంది లూసీ.

కవర్లో వాషింగ్టన్ కాపీరైట్ ఆఫీసు సర్టిఫికెట్ ఉంది. ‘వలాతా, మూడో చాప్టర్’. రచయిత, వసుమతి. దరఖాస్తు తేదీ, ఆమె కంప్లైంట్ రాసిచ్చిన రోజు.

రచయిత తరఫున పంపినవారు అన్నచోట, గుండ్రటి అక్షరాల్లో, ఆమె ఏనాడూ అడగని పేరుంది: దైవాశీర్వాదం.