మసిగుడ్డ వెనక దీపం

ఇంటింటా వంటింటి గోడకి పొట్టదీపాలు వచ్చాక కోటిలింగం నాలుక్కి స్వతంత్రం పోయింది. మింగిన పూస కడుపులో సంగతి చెబితే గోడమీద ఎవరి దీపం వాళ్లకి వెలుగుతుంది: కడుపు బాగుంటే పచ్చగా, లేకపోతే ఎర్రగా. మోకాలినొప్పి బిళ్లలు పరగడుపున వేసుకుని కడుపు లోపలి పొర వాపు తెచ్చుకున్నాడు కాబట్టి, నెలగా ఆయన దీపం ఎరుపే.

ఇవాళ ఆయన భార్య భ్రమరాంబ కొత్తావకాయ కలిపింది. ఏటా ఆవకాయ కలిపిన బేసిన్‌లోనే వేడన్నం కలిపి మొదటి ముద్ద ఆయనకే పెట్టేది. ఈసారి పెరుగన్నం పెట్టింది.

"నాకొద్దు," అని అలిగి, చెయ్యి తుడుచుకోడానికి గోడకున్న మసిగుడ్డ లాగాడు. దాని వెనక ఆమె దీపం. అదీ ఎర్రగానే ఉంది!

"ఇదేమిటే?"

"నెల్లాళ్లుగా మీరు పూటపూటా అలిగి తినకపోతే నాకు ముద్దెలా దిగుతుందండీ? ఖాళీ కడుపున కాఫీ తాగి కూచుంటున్నా."

కోటిలింగం పెరుగన్నం ముద్ద చేసి ఆమె చేతిలో పెట్టాడు. తనూ ఒకటి తిన్నాడు. ఆవకాయ జాడీకి తనే వాసెన కట్టాడు.

"ఊరనీ. ఈలోగా మన కడుపులూ మానతాయి. అప్పుడు మొదటి ముద్ద నీది."

మసిగుడ్డ మాత్రం మళ్లీ గోడకి తగిలించనివ్వలేదు.