మోగని గంగాళం

"ఇవాళ కూడా గంగాళం మోగకపోతే, రాత్రి డాన్సుకి నేను లీలండ్‌తో వెళ్తాను. ఇదే నా ఆఖరి మాట," అంది లోర్నా, ఏప్రాన్ ముడి బిగించుకుంటూ.

ఐరీన్ అత్త సీసాలు తుడుస్తూ తల కూడా ఎత్తలేదు. "ఆ మాట నాతో చెప్తే ఏం లాభమే? వెస్లీతో చెప్పు. అడగందే అమ్మయినా అన్నం పెట్టదు."

"మూడేళ్ల నుంచీ పక్కనే నిలబడి తెడ్డు తిప్పుతున్నా కదత్తా. ఇంకా నోరు తెరిచి అడగాలా?"

"అతనికి అడగాలేమో మరి. గుర్రాల భాష తప్ప ఇంకోటి రాదు."

పండగ మంచి జోరు మీద ఉంది. తాతలు ఎడ్లబండ్ల మీద వచ్చి ఈ ఊరు కట్టిన రోజుల్ని తలుచుకునే పండగ. ఒక పందిట్లో కమ్మరి సుత్తి, ఇంకో పందిట్లో ఫిడేలు, మధ్యలో బొంత కుడుతూ ఊళ్లో అందరి కాపురాలూ సరిచేస్తున్న ఆడవాళ్లు. అయినా జనం మూగింది మాత్రం రాగి గంగాళం చుట్టూనే. అందులో ఆపిల్ గుజ్జు తెల్లవారినప్పటి నుంచీ కట్టెల మంట మీద ఉడుకుతోంది. పొడవాటి కర్రకు బిగించిన తెడ్డును ఇద్దరిద్దరు పట్టుకుని, ఆపకుండా తిప్పాలి. చుట్టూ రెండుసార్లు, నడుమ ఒకసారి. తెడ్డు గంగాళానికి తగిలి మోగిందా, ఆ ఇద్దరూ అందరి ముందూ ముద్దు పెట్టుకోవాలి. అది ఆనవాయితీ. కాదనడానికి వీల్లేదు.

అందుకే పొద్దుట్నించీ అది మోగుతూనే ఉంది. మేయరూ ఆయన భార్యా రెండుసార్లు మోగించారు. ఎనభై దాటిన పాస్టరు భార్యతో కలిసి మూడుసార్లు మోగించి, చెయ్యి వణికిందన్నాడు. ఎవరూ నమ్మలేదు. మోగినప్పుడల్లా జనం ఈలలు వేస్తుంటే, ఒక్క క్లేటన్ మనసు మాత్రం చివుక్కుమనేది. క్లేటన్ లోర్నా తండ్రి. ఆ గంగాళం ఆయన ముత్తవ్వది. దాని మీద గీత పడితే తన వీపు మీద పడినట్టే బాధపడతాడు.

గుజ్జు చిక్కబడ్డాక తిప్పడానికి బలం కావాలి కాబట్టి ఆఖరి వంతు ఎప్పుడూ వెస్లీది, లోర్నాది. వెస్లీ గుర్రాలకు నాడాలు కొడతాడు. చేతులు దుంగల్లా ఉంటాయి గానీ నోట్లో నాలుక లేదు. ఆ ఇద్దరి వంతులో గంగాళం ఇంతవరకూ ఒక్కసారీ మోగలేదు. పిల్ల పాపం ఎంతకాలమని ఓపిక పడుతుంది? డాన్సుకి ఎవరితో వెళ్తే వాళ్లతోనే జత అని ఊరు ఖాయం చేసేస్తుంది. లీలండ్ అప్పుడే కొత్త బూట్లు తొడుక్కొచ్చి, గుంజకు ఆనుకుని గడియారం చూసుకుంటున్నాడు. ఐదింటికి గంగాళం దించేస్తారు.

"తెడ్డు జారుతోంది వెస్లీ," అంది లోర్నా.

"గట్టిగా పట్టుకో."

"పొగకి కళ్లు కనబడటం లేదు. ఎటు తిప్పుతున్నానో ఏమో."

"నేను చూస్తున్నాలే."

లోర్నా ఇక మొహమాటపడలేదు. నడుం బిగించి తెడ్డును అంచు వైపు లాగింది. వెస్లీ నిమ్మకు నీరెత్తినట్టు మళ్లీ నడుమకి తెచ్చాడు. ఆమె ఇంకా లాగింది. అతను ఇంకా గట్టిగా పట్టాడు. జనానికి సంగతి అర్థమైపోయింది. కమ్మరి సుత్తి పక్కన పడేసి వచ్చాడు. బొంత దగ్గరి ఆడవాళ్లు సూదులతో సహా లేచారు.

"లాగవే లోర్నా, మేమున్నాం," అని ఒకావిడ అరిచింది.

"వదలవయ్యా బాబూ, నీ సొమ్మేం పోయింది?" అన్నాడు పాస్టరు.

తెడ్డు అంచుకి జానెడు దూరం వచ్చింది. తర్వాత బెత్తెడు. ఫిడేలు ఆగిపోయింది. వేలెడు దూరంలో లోర్నా కాళ్లు తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి గుంజింది. వెస్లీ మెడ నరాలు ఉబ్బాయి. పళ్లు బిగించి, చివరి క్షణంలో తెడ్డును వెనక్కి లాగేశాడు.

"ఐదయింది. దించండి," అన్నాడు క్లేటన్.

నలుగురు పట్టి గంగాళం దించారు. మూడో ఏడూ మోగలేదు. లోర్నా తెడ్డు నేల మీద పడేసింది. ఆమె కళ్లలో నీళ్లు పొగవల్ల వచ్చినవి కావని అందరికీ తెలుసు.

"ఆ ముసలి పాస్టరుకున్న ఆశైనా నీకు లేదా వెస్లీ? నన్ను ముద్దు పెట్టుకోవడం నీకు అంత కష్టమైన పనా?"

వెస్లీ చెమట తుడుచుకుని, టోపీ తీసి చేత పట్టుకుని, తిన్నగా వెళ్లి క్లేటన్ ముందు నిలబడ్డాడు. చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

"మూడు పండగలు అయిపోయాయండీ. నా చేతిలో గంగాళానికి ఒక్క దెబ్బయినా తగల్లేదు."

"తగల్లేదు. అయితే ఏంటి?"

"మొదటి ఏడాది తెడ్డు చేతికిస్తూ మీరేగా అన్నారు, మూడు పండగలు దీనిమీద గీత పడకుండా తిప్పినవాడే నా అల్లుడని. ఒక్క ముద్దు కోసం అది పోగొట్టుకోవడం ఇష్టంలేక ఆగాను. లోర్నా ఊ అంటే నాకు పెళ్లే కావాలి."

లోర్నా వచ్చి అతని చొక్కా చెయ్యి పట్టుకుని నిలబడింది. లీలండ్ టోపీ పెట్టుకుని గుంపులోంచి నెమ్మదిగా జారుకున్నాడు. క్లేటన్ మాత్రం వెస్లీని ఎగాదిగా చూశాడు. తర్వాత భుజాలు అదిరేలా నవ్వడం మొదలుపెట్టాడు.

"ఓరి పిచ్చి సన్నాసీ, నా గంగాళం పాడవకూడదని ఆ మాట మేయరుతోనూ అన్నాను, పాస్టరుతోనూ అన్నాను. నమ్మినవాడివి నువ్వొక్కడివే."