కొంగమ్మ రెండో కాలు

వలలో చిక్కి ఒక కాలు పోగొట్టుకున్న కొంగ, వేటాడలేనివాళ్లకి అడవిలో ఇచ్చే చేపల వాటా కోసం అర్జీ పెట్టుకుంది. పరీక్ష చేసే నక్క దాన్ని ఎగాదిగా చూసి, "కొంగలన్నీ ఒంటికాలి మీదే నిలబడతాయి కదమ్మా, నీకొచ్చిన కష్టమేంటి?" అని అర్జీ కొట్టేసింది.

కొంగకి ఒళ్లు మండింది. ఏనుగు దొరకి అప్పీలు పెట్టుకుని, పిలుపొచ్చేదాకా మూడు రోజులు వాకిట్లోనే నిలబడింది.

"మూడు రోజులు నిలబడింది దొరా, ఆ కాలెంత గట్టిదో చూడండి" అంది నక్క.

"మిగతా కొంగలు అలిసిపోతే కాలు మార్చుకుంటాయయ్యా. నా రెండో కాలు ఎక్కడుందో చూపించు, మార్చుకుని వెళ్లిపోతాను" అంది కొంగ.

నక్క కాగితాల్లో వెతకడం మొదలుపెట్టింది.