ముందు మెట్లు

"మా నాన్నని ముందు మెట్ల మీంచే దించాలండి మాస్టారూ."

చంద్రశేఖరం చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. గుమ్మంలో నిలబడ్డ యమున కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పై అంతస్తులో ఆమె తండ్రి నారాయణమూర్తి మంచం పట్టి కొన్నాళ్ళయిందని మేడలో అందరికీ తెలుసు.

"అయ్యో! ఎప్పుడమ్మా?"

"ముందు దారి సంగతి సెప్పండి."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. ఆ మేడ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. విజయనగరంలో జమీందారు చుట్టాలెవరో రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టించిన మేడ అది. తరవాత కొన్ని కుటుంబాలు సహకార సంఘంగా చేరి వాటాలుగా కొనుక్కున్నాయి. ముందువైపు బర్మా టేకు మెట్లు, రంగు అద్దాల కిటికీలు. వెనకవైపు పనివాళ్ళ కోసం మెలి తిరిగిన ఇనప మెట్లు. ముందు మెట్లు దిగే హాల్లో సరస్వతి విగ్రహం ఉంది కనక, శవం వెనకనుంచే దిగాలన్నది మొదటినుంచీ ఉన్న నియమం.

"నియమం నీకు తెలియనిదా? నా చేతిలో ఏముందమ్మా?"

"మీ సేతిలో లేకపోతే ఎవరి సేతిలో ఉన్నాది? కిందటి వానాకాలం మా అమ్మని కుర్సీలో కూసోబెట్టి, తాళ్ళతో కట్టి ఆ ఇనప మెట్ల మీంచి దించేరు. మలుపులో అమ్మ తల కమ్మీకి కొట్టుకున్నాది. ఆ సప్పుడు నాన్న విన్నాడు."

చంద్రశేఖరం తల దించుకున్నాడు. మాటలు విని ఎదురు వాటాలోంచి కార్యదర్శి విశ్వనాథ్ వచ్చాడు.

"ఏం చేస్తాం? అందరికీ ఒకటే రూలు."

"అందరికీనా? మాస్టారిది కింద వాటా. మీదీ కింద వాటాయే. మీ ఇళ్ళల్లో ఎవరు పోయినా గడప దాటితే వీధి. మీకు మెట్లే లేవు. మీ రూలంతా పైన ఉన్నోళ్ళకే."

"కొనేటప్పుడే చూసుకోవలసింది. పొందూరు దగ్గర మీకు పెంకుటిల్లుంది కదా, అక్కడైతే ఏ మెట్లూ ఉండవు" అన్నాడు విశ్వనాథ్.

యమున పిల్లలకు పాఠాలు చెప్పుకునే మనిషి. గొంతు పెంచడం ఆమెకు అలవాటు లేదు.

"సరే. అయితే నాన్నని దించను. ఏ మెట్ల మీంచీ దించను."

పైకి వెళ్ళి, తమ వాటా తలుపు బయటనుంచి దగ్గరగా వేసి, దానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఆ మాటకు అర్థం మేడకు మెల్లగా తెలిసింది. శవం లేచేదాకా పొయ్యి వెలిగించకూడదు. దేవుడికి దీపం పెట్టకూడదు. ముద్ద నోట పెట్టకూడదు. ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటించేవాళ్ళే ఆ మేడ నిండా. మధ్యాహ్నమైనా ఏ వంటింట్లోంచీ పోపు వాసన రాలేదు.

చంద్రశేఖరం భార్య త్రిపురసుందరి పైకి వచ్చింది.

"పెద్దాయన్ని ఒక్కసారి చూసి దణ్ణం పెట్టుకుంటాను యమునా."

"దారి తేలేదాకా లోపలికి ఎవరూ రాకండి పిన్నిగారూ."

"మీ మాస్టారికి షుగరమ్మా. కళ్ళు తిరుగుతున్నాయంటున్నారు."

"ఆయనకి రూలు ఉన్నాది కదండీ. దాన్నే తినమనండి."

తరవాత విశ్వనాథ్ భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. "ఇదేమైనా బాగుందా? పోలీసుల్ని పిలుస్తాను."

"పిలవండి. దాని కన్నా ముందు మూతి తుడుసుకోండి. సెట్నీ అంటుకున్నాది."

అతని భార్య వంగి చూసింది. "బండి దగ్గర ఇడ్లీలు మింగి వచ్చారా! పిల్లలు మాడుతుంటే మీకు ఇడ్లీలా! స్నానం చేస్తే గాని గడప తొక్కకండి!" అని గయ్యిమంది. అతను మూతి తుడుచుకుంటూ దిగిపోయాడు.

ఎండ రంగు అద్దాల మీంచి జారి మెట్ల మీద పడింది. పొద్దు వాలితే ఇక తెల్లవారేదాకా ఎత్తకూడదు. అంటే రాత్రికి కూడా పస్తే. కింద హాల్లో గొడవ మొదలైంది. ఇప్పుడు అందరి కోపం చంద్రశేఖరం మీదికి తిరిగింది. అన్నిటి కన్నా పెద్దగా వినబడింది పై అంతస్తు ముసలావిడ గున్నమ్మ గొంతు.

"రేపు నన్నూ అలాగే మూట కట్టి దించుతారేటయ్యా? నిన్నే, సెప్పు! బతికున్నాను, నాకు సెప్పు!"



చంద్రశేఖరం మెట్ల రెయిలింగు పట్టుకుని, ఆగి ఆగి మెట్లెక్కాడు. వెనకే మిగతావాళ్ళు వచ్చారు.

"ఒప్పుకున్నామమ్మా. ముందు మెట్ల మీంచే."

"ఈ ఒక్కసారికేనా?"

"కాదు. ఎవరికైనా, ఎప్పుడైనా. ఆ రూలు తీసేశాం."

"ఇలాగ కాదు. అందరికీ వినపడేలాగ సెప్పండి."

ఆయన పై మెట్టు మీద నిలబడి మళ్ళీ చెప్పాడు. ఆ గొంతు కింది హాలు దాకా వినబడింది.

"ఇంక పంతం వద్దు తల్లీ. మోసేవాళ్ళు కింద కాచుకుని ఉన్నారు. పొద్దు వాలకుండా కానివ్వు."

యమున కళ్ళు తుడుచుకుంది. కుర్చీ పక్కకు లాగి, తలుపు తోసి, లోపలికి కేకేసింది.

"నాన్నా, ఒప్పుకున్నారు! ఇంక ఆ ఇనప మెట్ల బెంగ ఒగ్గీసి లెగు, అన్నం తిందువు."