బిగిసిన తాడు

రెంటచింతల అవతల మడిలో దిగబడిన వరికోత మిషన్ను లాగుతుండగానే చీకటి పడింది. పోయినేడు ఇదే మడిలో ఇనుప తాడు తెగి కొట్టి, కూలి ఇన్నయ్య వాళ్ళ అన్న చచ్చిపోయాడు. అందుకే మెకానిక్ జిలానీ ఈసారి తాడు మీద తడి గోనెపట్టా వేశాడు, తెగినా ఎగరకుండా.

గట్టు మీది లారీకున్న, తాడు చుట్టే విన్చి ఆపేశాక కూడా తాడు సన్నగా మోగుతోంది. జిలానీ నాలుగు బారల తాడు వదిలాడు. అది జారి మడిలోకి పోయింది గానీ వదులు కాలేదు. మిషన్ ఉన్నచోటే ఉంది. అందులో ఎవరూ లేరు.

"అటునించి ఏందో లాగుతోంది పుల్లయ్య మామా. పొద్దున చూద్దాం."

"లాగేది నీ భయం రా!" ఆసామి పుల్లయ్య నవ్వాడు. "ఒరేయ్ ఇన్నయ్యా, తాడు దాటి పోయి కొక్కెం ఊడదియ్యి."

"చుట్టూ తిరిగి పోతానయ్యా."

"చుట్టూ మోకాలి లోతు బురద. ఎప్పటికి పోతావ్? దాటు."

"దాటొద్దు ఇన్నయ్యా, తెగితే రెండు ముక్కలవుతావ్," అన్నాడు జిలానీ.

ఇన్నయ్య తాడు ముందర నిలబడిపోయాడు.

"మీ అన్న చానా నయం," అన్నాడు పుల్లయ్య. "చెప్పంగానే దాటాడు."

ఇన్నయ్య కాలెత్తాడు. అప్పటిదాకా మోగిన తాడు ఠక్కున ఆగింది. బిగువు మాత్రం తగ్గలేదు.