మెయిన్ ముట్టొద్దు

ఫ్రీజర్ గదిలోంచి ఎవరో తలుపు బాదుతున్నారు. బయటినుంచి మహాదేవప్ప ఎంత లాగినా తలుపు రావడం లేదు.

చిరాగ్‌పల్లి హైవే పక్కన ఆ ఐస్‌క్రీం గోదాం ఆయనదే. తలుపు తాళం, లోపలి చలి, అన్నీ ఒక్క కంప్యూటర్ చేతిలో. తలుపుకు లోపలివైపు పిడి ఎప్పుడో ఊడిపోయింది. రేపు వేయిద్దాం అంటూనే ఉన్నాడు మహానుభావుడు.

ఇప్పుడా కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ అప్‌గ్రేడ్ సగంలో ఆగి చచ్చింది. దాన్ని మొదలుపెట్టింది గోదాం కంప్యూటర్ పని చూసే శివశంకర్. "గోదాంల జర పనుంది, చూస్కొని మొగుడంపల్లి పోత" అని భార్య స్నేహకు చెప్పి ఆఫీసులోంచి వెళ్లిపోయాడు. గోదాంలో బిల్లులు కొట్టే స్నేహకు కమాండ్లు కొట్టే ఆ నల్ల తెరంటేనే భయం.

"ఎవడో హమాలీ ఇరుక్కున్నట్టున్నడు! మెయిన్ స్విచ్ బంద్ చేసి మళ్ల చాలు చేస్త," అన్నాడు మహాదేవప్ప. ఏ మిషన్ మొండికేసినా ఆయనకు తెలిసిన వైద్యం అదొక్కటే.

స్నేహ భర్తకు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టి సంగతి చెప్పింది.

"మెయిన్ ముట్టొద్దను," అన్నాడు శివశంకర్. "ఇప్పుడు కరెంటు తీస్తే కంప్యూటర్ మళ్ల లేవదు. తలుపు ఇగ తెరుచుకోదు."

సిగ్నల్ బాగాలేదేమో, మాట తునకలు తునకలుగా వస్తోంది.

"అయ్యో, చప్పుడు ఆగింది! మనిషి పోయిండో ఏమో!" మహాదేవప్ప స్విచ్ వైపు ఉరికాడు. స్నేహ అడ్డం నిలబడింది.

"ఇది నాతోని కాదు. నువ్వే రారాదు?" అంది ఫోన్లో.

"నేను రాలేను. లోపలోనికి ఏం కాదు, ఫికర్ చేయకు. ఆగమాగమై తప్పు కొట్టినవనుకో, అప్పుడు కష్టం."

సగంలో ఆగిన ప్రోగ్రామ్ ప్యాకేజీలను సర్దే కమాండ్ ఒక్కో అక్షరమే చెప్పాడు. కొట్టింది. తెర నిండా ఎర్రక్షరాలు. కొత్త వెర్షన్‌తో తలుపు ప్రోగ్రామ్ నడవనంటోంది.

"గదే అనుకున్న. పాత వెర్షన్ ప్యాకేజీ దాచిపెట్టిన. దాన్నే మళ్ల ఎక్కియ్యి... మెల్లగ."

"ఇంకా మెల్లగనా! నీ మొగనికి మంది పానమంటే లెక్క లేదు!" మహాదేవప్ప మండిపడ్డాడు. స్నేహకూ ఒళ్లు మండింది. అక్కడ ప్రాణం పోతుంటే ఈయనకింత నిదానమా?

చివరి లైన్ కొట్టి ఎంటర్ నొక్కింది. తాళం మోటారు గరగరమంది. ఇద్దరూ ఉరికి తలుపు లాగారు.

ఐస్‌క్రీం డబ్బాల మధ్య, నీలమెక్కిన పెదవులతో, ఫోన్ ఇంకా చెవికి ఆనించుకుని కూర్చున్నాడు శివశంకర్.